సూరత్ లెక్కలకు రెండో నకలు: బ్యాకప్ ఉంటే చాలదు, అది ఎక్కడుందో చూడాలి

2025 ఫిబ్రవరి 25, 26 తేదీల్లో సూరత్ రింగ్ రోడ్డులోని శివశక్తి టెక్స్‌టైల్ మార్కెట్ తగలబడింది. ఎనిమిది వందలకు పైగా దుకాణాలున్న భవనం అది. బేస్‌మెంట్‌లో అంటుకున్న మంటలు అదుపులోకి వచ్చాయనుకుంటుండగానే మర్నాడు మళ్లీ లేచి వందలాది దుకాణాలను చుట్టేశాయి. పూర్తిగా ఆర్పడానికి ఒక రోజుకు పైగా పట్టింది.

ఇలాంటి ప్రమాదం జరిగినప్పుడు చీరలెన్ని కాలాయి, గుడ్డ ఎన్ని కోట్లది అన్న లెక్క ముందుగా బయటికి వస్తుంది. బీమా ఉన్నవారికి అందులో కొంతైనా తిరిగి రావచ్చు. ఏ బీమా పత్రంలోనూ సాధారణంగా కనిపించని ఆస్తి ఒకటుంది. ఎవరు ఎంత బాకీ ఉన్నారు, ఏ సరుకు ఏ మిల్లులో ఉంది, ఎవరికి ఎంత కూలి ఇవ్వాలి అన్న సమాచారమే ఆ ఆస్తి. చాలా దుకాణాల్లో అది గల్లాపెట్టె పక్కనున్న ఒక కంప్యూటర్లో ఉంటుంది. దాని బ్యాకప్ అదే బల్ల సొరుగులోని పెన్‌డ్రైవ్‌లోనో, పక్క గదిలోని హార్డ్‌డిస్క్‌లోనో ఉంటుంది. మంట వస్తే రెండూ కలిసే పోతాయి.

ఉద్దెర మీద నడిచే నగరం

సూరత్ గుడ్డ వ్యాపారం చాలావరకు అరువు మీదే నడుస్తుంది. గ్రే క్లాత్ నేసేది ఒకరు, రంగులద్దేది ఒకరు, ఎంబ్రాయిడరీ చేసేది మరొకరు. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య దళారీ ఉంటాడు. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు హోల్‌సేల్ దుకాణాలకు చేరే సింథటిక్ చీరల్లో పెద్ద భాగం ఇక్కడి నుంచే వస్తుంది. సరుకు ముందు వెళ్తుంది, డబ్బు వారాల తర్వాత, ఒక్కోసారి నెలల తర్వాత వస్తుంది. ఈ మధ్యకాలంలో వ్యాపారికి ఉన్న ఆధారం లెడ్జరే.

జీఎస్టీ పోర్టల్లో అన్నీ ఉన్నాయి కదా అన్న వాదన వినిపిస్తుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. వార్షిక టర్నోవర్ 5 కోట్ల రూపాయలు దాటిన వ్యాపారాలకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి. కాబట్టి అమ్మకం బిల్లు ప్రభుత్వ వ్యవస్థలో నమోదవుతుంది. కానీ ఆ బిల్లులో ఎంత డబ్బు వచ్చింది, ఎంత మిగిలింది, ఏ రేటుకు ఒప్పందం మారింది అన్నవి పోర్టల్లో దొరకవు. అమ్మినట్టు రుజువు దొరికినా బాకీకి రుజువు దొరకదు.

డిజైన్ల సంగతి మరీ ముఖ్యం. డిజిటల్ ప్రింటింగ్, జాకార్డ్, ఎంబ్రాయిడరీ యంత్రాలన్నీ ఫైళ్ల మీదే నడుస్తాయి. ఒక డిజైన్ ఫైలు పోతే మళ్లీ గీయాలి. వజ్రాల పరిశ్రమలో అది కూడా కుదరకపోవచ్చు. ముడి వజ్రాన్ని స్కాన్ చేసి, లోపలి లోపాలను గుర్తించి, ఎలా కోస్తే ఎక్కువ విలువ వస్తుందో కంప్యూటర్లో ముందే లెక్క కడతారు. రాయిని కోసేశాక పాత స్కాన్ మళ్లీ తీయడం అసాధ్యం. దాని మీద తర్వాత వివాదం వస్తే చూపించడానికి ఆ ఫైలే దిక్కు.

ఒకే గట్టున రెండు నకళ్లు

ఇక్కడే బ్యాకప్ రెప్లికేషన్ సర్వర్ అవసరం తలెత్తుతుంది. మాట పెద్దదిగా ఉన్నా విషయం సులువే. ఆఫీసులోని కంప్యూటర్ల బ్యాకప్‌లన్నీ మొదట అక్కడే ఉన్న ఒక సర్వర్లో చేరతాయి. ఆ బ్యాకప్‌ల నకలును మరో ఊళ్లో ఉన్న రెండో సర్వర్ క్రమం తప్పకుండా తనలోకి తెచ్చుకుంటుంది. మొదటిది రోజువారీ చిన్న పొరపాట్లకు పనికొస్తుంది. రెండోది భవనమే లేకుండా పోయిన రోజు పనికొస్తుంది.

మరో ఊరు అనడానికి సూరత్ చరిత్రలోనే కారణముంది. 2006 ఆగస్టులో తాపీ నదికి వచ్చిన వరద ఈ నగరాన్ని ముంచేసింది. నగరానికి సుమారు 100 కిలోమీటర్ల ఎగువనున్న ఉకాయ్ జలాశయం నుంచి దాదాపు 9 లక్షల క్యూసెక్కుల నీరు వదలాల్సి వచ్చింది. నగరంలో అత్యధిక భాగం నీట మునిగింది. కరెంటు, ఫోన్లు రోజుల తరబడి పనిచేయలేదు. దుకాణం రింగ్ రోడ్డులో, నకలు నదికి అవతల అడాజణ్‌లోని ఇంట్లో ఉంచుకుంటే మంట నుంచి రక్షణ దొరుకుతుంది. 2006 లాంటి వరద నుంచి మాత్రం దొరకదు. ఆ నది రెండు గట్లనూ ఒకేసారి ముంచింది.

పెద్ద డేటా కేంద్రాలకూ ఈ సమస్య తప్పలేదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ సంస్థ భవనం ఒకటి కాలిపోయింది. సర్వర్‌తో పాటు బ్యాకప్‌ను కూడా అదే ప్రాంగణంలో ఉంచుకున్న వినియోగదారులు రెండూ పోగొట్టుకున్నారు. క్లౌడ్ అన్నది ఆకాశంలో ఉండదు. అదీ ఎక్కడో ఒక భవనంలోనే ఉంటుంది.

అలాగని ఏ ఊరూ పూర్తిగా సురక్షితం కాదు. ముంబయి శాంతాక్రూజ్‌లో 2005 జులై 26న ఒక్కరోజే 944 మిల్లీమీటర్ల వాన పడింది. హైదరాబాద్‌కు 1908 మూసీ వరద ఉంది, 2020 అక్టోబరు వరద ఉంది. రెండు చోట్లా ఒకే కారణంతో, ఒకే రోజున ఆపద రాకుండా చూసుకోవడమే ఇక్కడ చేయగలిగింది. తాపీ వరదకు, మూసీ వరదకు నీళ్లొచ్చే దారులు వేరు. కాబట్టి సూరత్ నకలు హైదరాబాద్‌లో, హైదరాబాద్ నకలు సూరత్‌లో ఉండటం అర్థవంతమైన ఏర్పాటే.

చట్టం ఎంతవరకు చెప్పింది?

బ్యాకప్ ఇప్పుడు వ్యాపారి ఇష్టాయిష్టాలకు వదిలేసిన విషయం కాదు. కేంద్ర జీఎస్టీ నిబంధనల్లోని 57వ నిబంధన ఎలక్ట్రానిక్ రికార్డులకు సరైన బ్యాకప్ ఉండాలంటోంది. ప్రమాదాల వల్లో ప్రకృతి కారణాల వల్లో అవి నాశనమైతే, సహేతుకమైన సమయంలో తిరిగి పొందగలిగేలా ఉండాలన్నది అందులోని షరతు. వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు లెక్కలు భద్రపరచాలని జీఎస్టీ చట్టం చెబుతోంది. అంటే దుకాణం కాలిపోయినంత మాత్రాన బాధ్యత తీరిపోదు.

కంపెనీలకు ఇంకాస్త గట్టి నియమం ఉంది. ఎలక్ట్రానిక్ లెక్కల బ్యాకప్ భారతదేశంలో భౌతికంగా ఉన్న సర్వర్లోనే ఉండాలని కంపెనీల అకౌంట్ల నిబంధనలు ముందు నుంచే చెబుతున్నాయి. నిర్ణీత కాలానికోసారి అన్న పాత మాటను 2022 ఆగస్టులో ప్రతిరోజూ అని మార్చారు. 2025 నవంబరులో నోటిఫై అయిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ నిబంధనలు కూడా డేటా అందుబాటులో లేకుండా పోయినా పని కొనసాగేలా బ్యాకప్ వంటి ఏర్పాట్లు ఉండాలంటున్నాయి. అవి దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి.

ఈ నియమాలన్నిటిలో ఒక ఖాళీ ఉంది. బ్యాకప్ దేశంలో ఉండాలన్నారు, రోజూ తీయాలన్నారు. అసలు సర్వర్‌కు ఎంత దూరంలో ఉండాలో చెప్పలేదు. అదే గదిలో ఉన్న రెండో డిస్క్‌లో రోజూ బ్యాకప్ తీసే కంపెనీ కూడా 2022 సవరణను అక్షరాలా పాటించినట్టే అవుతుంది. పైగా ఆ సవరణ వర్తించేది కంపెనీలకే. సూరత్ మార్కెట్లలో భాగస్వామ్య సంస్థలు, ఒక్కరి పేరు మీద నడిచే దుకాణాలు ఎన్నో ఉన్నాయి. వాటికి జీఎస్టీ నిబంధనే ఆధారం. సహేతుకమైన సమయం అంటే ఎంతో అందులో లేదు.

తప్పు కూడా నకలవుతుంది

దూరం ఒక్కటే సరిపోదు. రెండో సర్వర్ మొదటిదానికి అద్దంలా పనిచేస్తే, మొదటిదాంట్లో జరిగిన తప్పు నిమిషాల్లో రెండోదాంట్లోనూ జరుగుతుంది. ఇక్కడ పొరపాటున చెరిపిన ఫైలు అక్కడా చెరిగిపోతుంది. రాన్సమ్‌వేర్ తాళం వేసిన ఫైళ్లు అక్కడికీ అలాగే చేరతాయి.

2022 నవంబరు 23న దిల్లీ ఎయిమ్స్‌లో జరిగింది దీనికి మంచి ఉదాహరణ. ఐదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల డేటాకు దుండగులు తాళం వేశారు. రిజిస్ట్రేషన్లు, పరీక్షల ఫలితాలు దాదాపు రెండు వారాలు చేతిరాత మీద నడిచాయి. దాడికి చిక్కని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి ఈ-హాస్పిటల్ డేటాను తిరిగి తెచ్చామని ప్రభుత్వం ఆ డిసెంబరులో పార్లమెంటుకు తెలిపింది. దేశంలోని అతిపెద్ద ఆసుపత్రుల్లో ఒకదాని రికార్డులు దక్కింది ఆ సర్వర్‌కు దాడి పాకకపోవడం వల్లే.

2024 జులై చివర్లో సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ మీద జరిగిన రాన్సమ్‌వేర్ దాడి మరో కోణం చూపింది. ఆ ఒక్క సంస్థ సేవల మీద ఆధారపడిన సుమారు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు నిలిచిపోయాయి. వాటిలో గుజరాత్ సహకార బ్యాంకులూ ఉన్నాయి. ఒక రోజులో సేవలు తిరిగి మొదలయ్యాయి గానీ, అందరూ ఒకే గుంజకు కట్టుకుంటే ఆ గుంజ కదిలినప్పుడు అందరూ కదలాల్సిందేనని తేలింది.

ఆస్ట్రేలియాలోని యూనిసూపర్ అనే పెన్షన్ నిధికి 2024 మేలో ఇదే అనుభవమైంది. 6 లక్షల మందికి పైగా సభ్యులున్న ఆ సంస్థ తన క్లౌడ్ వ్యవస్థను రెండు వేర్వేరు ప్రాంతాల్లో ఉంచుకుంది. గూగుల్ క్లౌడ్ వైపు జరిగిన ఒక అమరిక పొరపాటుతో ప్రైవేట్ క్లౌడ్ సబ్‌స్క్రిప్షనే చెరిగి రెండు చోట్లా ఒకేసారి పోయింది. వేరే సంస్థ దగ్గర అదనంగా ఉంచుకున్న బ్యాకప్‌లు కోలుకోవడానికి తోడ్పడ్డాయి. ఊర్లు రెండైనా తాళంచెవి ఒక్కటే కావడం అక్కడి లోపం.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో మరో రకం ప్రమాదం జరిగింది. రెప్లికేషన్‌లో వచ్చిన చిక్కును సరిచేయబోయి ఒక ఇంజినీరు పొరపాటున అసలు సర్వర్‌లోని డేటాబేస్‌నే చెరిపేశాడు. బ్యాకప్‌ల కోసం వెతికితే రోజువారీ బ్యాకప్ కొంతకాలంగా విఫలమవుతోందని, ఆ హెచ్చరిక ఈమెయిళ్లు ఎవరికీ చేరలేదని బయటపడింది. ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక నకలు దొరకడం వల్ల నష్టం ఆ ఆరు గంటలకు పరిమితమైంది.

ఏర్పాటు ఎలా ఉండాలి?

ఈ అనుభవాలన్నీ కలిపి చూస్తే ఒక మధ్యతరహా వ్యాపారం పాటించాల్సిన పద్ధతి స్పష్టంగానే కనిపిస్తుంది. ప్రపంచవ్యాప్తంగా వాడుకలో ఉన్న 3-2-1 సూత్రం దానికి పునాది. మూడు నకళ్లు ఉండాలి, రెండు రకాల సాధనాల మీద ఉండాలి, కనీసం ఒకటి వేరే చోట ఉండాలి.

మొదట రెండు ప్రశ్నలకు యజమానే జవాబు చెప్పాలి. ఎన్ని గంటల పని పోయినా తట్టుకోగలం? ఎన్ని గంటల్లో మళ్లీ పని మొదలుకావాలి? చీరల దుకాణానికి ఒక రోజు నమోదులు మళ్లీ ఎక్కించుకోవడం కష్టమైనా సాధ్యమే. వజ్రాల కార్ఖానాకు ఒక గంట స్కాన్లు పోయినా భరించలేనిది కావచ్చు. ఈ జవాబులను బట్టే ఖర్చు నిర్ణయమవుతుంది. సాంకేతిక నిపుణుడు వీటికి బదులు చెప్పలేడు.

రెండోది, నకలు ఎవరు తీస్తున్నారన్నది. మొదటి సర్వర్ రెండోదానికి పంపే పద్ధతిలో, రెండోదాని పాస్‌వర్డు మొదటిదాంట్లో ఉంటుంది. మొదటిది దొంగల చేతికి చిక్కితే రెండోదీ చిక్కినట్టే. అందుకే రెండో సర్వరే వచ్చి కొత్త బ్యాకప్‌లను తీసుకుపోయేలా అమర్చాలి. మొదటి సర్వర్‌కు దాని తాళం తెలియకూడదు. మొదటిదాంట్లో చెరిపినవి రెండోదాంట్లో చెరిగిపోకూడదు. పాత నకళ్లను ఎన్నాళ్లు ఉంచాలో రెండో సర్వర్ తన సొంత లెక్క ప్రకారమే నిర్ణయించుకోవాలి. రోజువారీవి ఒక నెల, నెలవారీవి ఒక సంవత్సరం, ఏడాది ముగింపు లెక్కలు జీఎస్టీ చెప్పిన 72 నెలలు దాటే వరకు ఉంచితే సరిపోతుంది. దాడి జరిగిన సంగతి వారాల తర్వాత తెలిసినా, దానికి ముందటి నకలు అప్పటికీ మిగిలే ఉంటుంది.

మూడోది ఇంటర్నెట్ వేగం. 2 టెరాబైట్ల డేటాను సెకనుకు 50 మెగాబిట్ల అప్‌లోడ్ వేగంతో పంపాలంటే, లైను ఒక్క క్షణం ఆగకపోయినా దాదాపు నాలుగు రోజులు పడుతుంది. అందుకే మొదటిసారి మొత్తం డేటాను డిస్క్‌లో నింపి, దానికి తాళం వేసి, మనిషి చేత రెండో ఊరికి చేర్చడం మేలు. ఆ తర్వాత వెళ్లేవి రోజువారీ మార్పులే. అవి 5 గిగాబైట్లయితే అదే లైనులో పావుగంట కూడా పట్టదు. రాత్రి దుకాణం మూశాక ఆ పని జరిగిపోతుంది.

నాలుగోది ఎన్‌క్రిప్షన్. డేటా సూరత్ దాటక ముందే దానికి తాళం పడాలి. ఆ తాళంచెవి సర్వర్లలో మాత్రమే ఉంటే సర్వర్లు పోయిన రోజు నకలు ఉండీ తెరవలేని పరిస్థితి వస్తుంది. అందుకే దాన్ని కాగితం మీద రాసి బ్యాంకు లాకర్లోనో, మరో ఊళ్లోని కుటుంబ సభ్యుడి దగ్గరో ఉంచడం అవసరం.

చివరిది, ఎక్కువ మంది వదిలేసేది, పరీక్ష. మూడు నెలలకోసారి ఒక ఖాళీ కంప్యూటర్ తీసుకుని, రెండో సర్వర్లోని నకలు నుంచే ట్యాలీ డేటాను తెరవాలి. ఏదో ఒక పార్టీ లెడ్జర్ తీసి ముగింపు నిల్వను దుకాణంలోని లెక్కతో సరిచూడాలి. అంకెలు కలిస్తే బ్యాకప్ ఉన్నట్టు. బ్యాకప్ విజయవంతం అని తెరమీద వచ్చే ఆకుపచ్చ గుర్తును నమ్ముకుని కూర్చుంటే గిట్‌ల్యాబ్‌లాగే ఆపద రోజున అసలు సంగతి తెలుస్తుంది.

ఖర్చు, భయం

ఇంత చేయడానికి డబ్బెక్కడిది అన్నది న్యాయమైన ప్రశ్న. అదే ప్రశ్న దక్షిణ కొరియా ప్రభుత్వాన్నీ ఆపింది. 2025 సెప్టెంబరు 26న దేజాన్‌లోని జాతీయ డేటా కేంద్రంలో బ్యాటరీల నుంచి మంటలు లేచి వందలాది ప్రభుత్వ వ్యవస్థలు నిలిచిపోయాయి. చాలావాటిని క్రమంగా కోలుకునేలా చేశారు. ప్రభుత్వోద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ మాత్రం కాలిపోయింది. అందులోని 858 టెరాబైట్లకు వేరే చోట బ్యాకప్ లేదు. డేటా అంత పెద్దదవడం వల్ల నకలు తీయలేదన్నది వచ్చిన వివరణ. సూరత్ దుకాణం డేటా దాంతో పోలిస్తే ఏపాటి? చాలా వ్యాపారాల లెక్కలు కొన్ని గిగాబైట్లు దాటవు. వాటికి పాత కంప్యూటర్, రెండు కొత్త డిస్కులు, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ చాలు. ఖర్చు పెరిగేది డిజైన్లు, స్కాన్ల దగ్గరే.

డబ్బుకన్నా పెద్ద అడ్డంకి నమ్మకం. లెక్కలు తన గడప దాటి పోవడం వ్యాపారికి ఇష్టం ఉండదు. పోటీదారు చూస్తాడని ఒక భయం, అధికారుల చేతికి చిక్కుతుందని మరొకటి. మొదటి భయానికి ఎన్‌క్రిప్షన్ సమాధానం చెబుతుంది. నకలు ఎవరి ఇంట్లో ఉన్నా తాళంచెవి లేనివాడికి అది అర్థంలేని అక్షరాల కుప్ప. రెండో భయానికి సాంకేతికతలో జవాబు లేదు. అది లెక్కలు ఎలా రాస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

మార్కెట్ సంఘాలు ఇక్కడ చేయగలిగింది చాలా ఉంది. ఒక్కో దుకాణం ఒక్కో సర్వర్ కొనడం కన్నా, ఒక మార్కెట్ భవనంలోని వ్యాపారులు కలిసి మరో నగరంలో ఒక సర్వర్ పెట్టుకోవచ్చు. ఎవరి తాళం వారి దగ్గరే ఉంటుంది. అగ్నిమాపక పరికరాలకు ఉమ్మడి నిధి పెట్టుకోగలిగిన సంఘానికి ఇది కొత్త రకం పని కాదు.

పుస్తకం లేనివారి మాట

లెక్కలు పోయినప్పుడు వ్యాపారికి కొన్ని దారులైనా మిగులుతాయి. బ్యాంకు స్టేట్‌మెంటు ఉంటుంది, జీఎస్టీ రిటర్ను ఉంటుంది, దళారీ నోటు పుస్తకం ఉంటుంది. మరమగ్గం కార్మికుడికి అవేవీ ఉండవు. సూరత్‌లో కూలి ఎక్కువగా మీటర్ల లెక్కన, వజ్రాల దగ్గర రాళ్ల లెక్కన కడతారు. ఈ నెల ఎన్ని మీటర్లు నేశాడన్నది యజమాని లెక్కలోనే ఉంటుంది.

ఈ కార్మికుల్లో ఒడిశా, ఉత్తరప్రదేశ్, బిహార్, మహారాష్ట్ర వారితో పాటు తెలుగువారూ ఉన్నారు. తెలంగాణ జిల్లాల నుంచి, ముఖ్యంగా పద్మశాలి కుటుంబాల నుంచి, దశాబ్దాలుగా సూరత్‌కు వలస సాగుతోంది. లింబాయత్ వంటి ప్రాంతాల్లో తెలుగు వినిపిస్తుంది, నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులు కూడా నడుపుతోంది. యజమాని కంప్యూటర్ కాలిపోతే, ఇంకా అందని కూలికి వారి దగ్గర చూపడానికి కాగితం ఉండదు. ఇచ్చానని ఒకరు, రాలేదని ఒకరు అంటే తీర్పు ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు.

కాబట్టి రెండో సర్వర్లో మొదట చేరాల్సింది అమ్మకాల చిట్టా ఒక్కటే కాదు. కూలి లెక్కలు, హాజరు, భవిష్య నిధి వివరాలు కూడా అదే వరుసలో ఉండాలి. అవి పరిమాణంలో అతి చిన్నవి, అదనంగా అయ్యే ఖర్చు దాదాపు శూన్యం. చట్టం దూరాన్ని ఇన్ని కిలోమీటర్లని నిర్దేశించే దాకా, లేదా ఇంకో మార్కెట్ కాలే దాకా ఆగాల్సిన పనేమీ లేదు. ఉకాయ్ జలాశయం నిండే నెలలు ఏటా వస్తూనే ఉంటాయి. అవి రాకముందే లెక్కల నకలు తాపీ దాటి పోయి ఉండాలి.